ఆడవారి మోకాలికి అమరే ఇంప్లాంటు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత సంచికలో మోకీలు మార్పిడి శస్త్రచికిత్స గురించి రాసిన వ్యాసానికి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మహిళలు రాసినవి, లేదా తల్లుల కోసం కూతుళ్ళూ కొడుకులూ రాసినవి. ఆడవారికి వేరే ఇంప్లాంట్లు ఉన్నాయట, నిజమేనా అన్న ప్రశ్న వాటిలో పదే పదే కనిపించింది. అందుచేత ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాను.

ప్రశ్న: నా వయస్సు 63 సంవత్సరాలు, ఎత్తు నాలుగు అడుగుల పది అంగుళాలు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయనీ, మార్పిడి తప్పదనీ మా డాక్టరు గారు చెప్పారు. ఆడవారి కోసం ప్రత్యేకంగా తయారుచేసిన 'జెండర్ నీ' అనే ఇంప్లాంటు ఉందనీ, ఎంత ఖర్చయినా అదే వేయించుకోమనీ మా అల్లుడు పట్టుబడుతున్నాడు. మామూలు ఇంప్లాంటు మగవారి కొలతలతో చేసినదైతే అది నా మోకాలికి పనికివస్తుందా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: అమ్మా, మీ అల్లుడు గారు విన్నది నిజమే. 2006లో అమెరికాకు చెందిన జిమ్మర్ అనే సంస్థ 'జెండర్ సొల్యూషన్స్' అన్న పేరుతో, మహిళల కోసమే రూపొందించామని చెబుతూ ఒక మోకీలు ఇంప్లాంటును మార్కెట్లోకి తెచ్చింది. అప్పటినుంచి ఈ విషయంపై వైద్యులలో పెద్ద చర్చ జరిగింది, పరీక్షలు జరిగాయి, ఇంప్లాంట్ల తయారీ పద్ధతి కూడా మారింది. ఆ చర్చ ఎక్కడికి చేరిందో తెలిస్తే మీరు మీ డాక్టరు గారిని ఏమి అడగాలో మీకే స్పష్టమవుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మోకీలు మార్పిడిలో తొడ ఎముక కింది చివరను పలుచగా చెక్కి దానిపై ఒక లోహపు తొడుగు వేస్తారు. కింది ఎముక పైభాగాన్ని చదును చేసి ఒక లోహపు పలక అమరుస్తారు. రెండింటి నడుమ పాలీఎథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ దిమ్మ ఉంటుంది. అవసరమనిపిస్తే మోకాలి చిప్ప వెనుక కూడా ఒక ప్లాస్టిక్ బిళ్ళ అతికిస్తారు. వీటిలో తొడ ఎముకకు వేసే తొడుగు విషయంలోనే ఆడ, మగ అన్న వాదన ప్రధానంగా తలెత్తింది.

తొడ ఎముక చివరకు రెండు ముఖ్యమైన కొలతలు ఉంటాయి. ముందునుంచి వెనుకకు ఉండే లోతు ఒకటి, ఒక పక్కనుంచి మరొక పక్కకు ఉండే వెడల్పు రెండవది. ఒక పురుషునికీ ఒక మహిళకూ లోతు సమానంగా ఉన్నప్పుడు సగటున మహిళ ఎముక వెడల్పు తక్కువగా ఉంటుందని అనేక కొలతలలో తేలింది. శస్త్రవైద్యుడు సైజును ఎక్కువగా లోతును బట్టి ఎంచుకుంటాడు, ఎందుకంటే మోకాలు వంచినప్పుడు కీలు మరీ వదులుగానో మరీ బిగువుగానో లేకుండా ఉండడం ఆ లోతు మీద ఆధారపడి ఉంటుంది. పొడవు చూసి కొన్న చెప్పు పాదానికి వెడల్పులో సరిపోకపోయినట్లే, లోతుకు సరిపోయిన తొడుగు వెడల్పులో ఎముక అంచు దాటి రెండు పక్కలా పొడుచుకొని రావచ్చు. అలా పొడుచుకొని వచ్చిన లోహపు అంచు కీలు చుట్టూ ఉన్న లిగమెంట్లనూ (ఎముకలను కలిపి ఉంచే పట్టీలనూ) మెత్తని కణజాలాన్నీ రాసుకుంటుంది. అది తప్పించాలని ఒక సైజు చిన్నది వేస్తే, వెనుకవైపు ఎముకను ఎక్కువగా కోయవలసి వచ్చి, మోకాలు వంచినప్పుడు కీలు వదులవుతుంది. ఈ ఇరకాటం ఎన్నో ఏళ్ళుగా శస్త్రవైద్యులకు అనుభవంలో ఉన్నదే.

2006లో వచ్చిన ఇంప్లాంటులో మూడు మార్పులు చేశారు. మొదటిది, అదే లోతుకు వెడల్పును తగ్గించారు. రెండవది, చిప్ప కింద ఉండే ముందుభాగాన్ని పలుచన చేశారు. మహిళలలో ఎముక ముందుభాగం అంత ఎత్తుగా ఉండదు కాబట్టి మందమైన లోహం చిప్పను ముందుకు తోసి బిగువు కలిగిస్తుందని దీని వెనుక ఉన్న ఆలోచన. మూడవది, చిప్ప జారే గాడిని కొంచెం ఎక్కువ వాలుగా మలిచారు. మహిళలకు కటి భాగం వెడల్పు కనుక తొడ కండరం చిప్పను లాగే కోణం, అంటే క్యూ కోణం, ఎక్కువగా ఉంటుందని భావించి ఈ మార్పు చేశారు. ఈ మూడవ వాదన అంత బలమైనది కాదు. 2005లోనే ప్రచురితమైన ఒక పరిశీలనలో ఆడవారికీ మగవారికీ క్యూ కోణంలో సగటు తేడా రెండు డిగ్రీల చిల్లర మాత్రమేననీ, ఆ తేడాకు కూడా మనిషి ఎత్తే కారణమనీ తేలింది. పొట్టివారిలో ఆ కోణం ఎక్కువ, పొడవైనవారిలో తక్కువ. మహిళలు సగటున పొట్టిగా ఉంటారు కాబట్టి వారిలో ఎక్కువగా కనిపించింది.

ఇక ఫలితాల సంగతి. దక్షిణ కొరియాలో రెండు మోకాళ్ళూ మార్చవలసిన మహిళలను ఎంచుకొని, ఒక మోకాలికి మామూలు ఇంప్లాంటు, మరొక మోకాలికి మహిళల ఇంప్లాంటు వేసి పోల్చిన ఒక పరీక్ష 2010లో వెలువడింది. ఒకే మనిషి, ఒకే బరువు, ఒకే నడక కాబట్టి పోలికకు ఇంతకంటె న్యాయమైన పద్ధతి దొరకడం కష్టం. నొప్పిలో గాని, వంగడంలో గాని, రోగి సంతృప్తిలో గాని రెండు మోకాళ్ళ మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆ తరువాత వచ్చిన ఇతర పరీక్షల సమీక్షలు కూడా ఇదే మాట చెప్పాయి. పైగా కీళ్ళ మార్పిడుల వివరాలను నమోదు చేసే వివిధ దేశాల రిజిస్ట్రీలను చూస్తే, మామూలు ఇంప్లాంటు వేయించుకొన్న మహిళలకు మోకాలికి మళ్ళీ శస్త్రచికిత్స అవసరం కావడం పురుషుల కంటె ఎక్కువగా ఏమీ లేదు.

అంటే వెడల్పు సమస్య కల్పితమా? కానే కాదు. అమెరికాలో నాలుగు వందలకు పైగా మోకాళ్ళను పరిశీలించి 2010లోనే ప్రచురించిన మరొక అధ్యయనంలో, లోహపు తొడుగు ఎక్కడో ఒకచోట ఎముక అంచును 3 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని దాటిన సందర్భాలు పురుషులలో 40 శాతం, మహిళలలో 68 శాతం. అలా అంచు దాటినవారికి రెండేళ్ళ తరువాత కూడా మోకాలి నొప్పి ఉండే అవకాశం దాదాపు రెట్టింపు. కాబట్టి అమరిక ముఖ్యమే. ఆ అమరికను పేషెంటు ఆడా మగా అన్న దాన్ని బట్టి కాక, ఆ మనిషి ఎముక కొలతను బట్టి సాధించాలి. పొడవైన, సన్నని ఎముకలున్న పురుషులు ఉన్నారు, వెడల్పైన ఎముకలున్న మహిళలు ఉన్నారు. కొరియా పరీక్షలోనే కొందరు మహిళలకు ఆ సన్నని తొడుగు ఎముక వెడల్పుకు చాలక అంచులు మిగిలిపోయాయి. బెల్జియంకు చెందిన బెల్లెమాన్స్ అనే శస్త్రవైద్యుని బృందం వెయ్యిమంది మోకాళ్ళను కొలిచి, ఎముక ఆకారాన్ని నిర్ణయించడంలో ఆడా మగా అన్న భేదంతోపాటు శరీర తీరు, అంటే మనిషి బొద్దుగా పొట్టిగా ఉన్నారా, సన్నగా పొడవుగా ఉన్నారా అన్నది కూడా పనిచేస్తుందని చూపింది.

తయారీదారులు కూడా క్రమంగా ఈ దారికే వచ్చారు. 2012, 2013 ప్రాంతాలలో వచ్చిన పర్సోనా, అట్యూన్ వంటి కొత్త ఇంప్లాంట్లలో కొన్ని సైజులకు ఒకే లోతులో రెండు వెడల్పులు, మామూలువి, సన్ననివి, ఉంటాయి. వాటి పెట్టెపై ఆడ, మగ అన్న ముద్ర ఉండదు. శస్త్రవైద్యుడు ఆపరేషన్ బల్ల దగ్గర కొలిచి తగినదాన్ని ఎంచుకుంటాడు. నా దృష్టిలో 2006 నాటి ప్రయత్నం వల్ల కలిగిన నిజమైన మేలు ఇదే.

మీ విషయానికి వస్తాను. మీరు చిన్న ఆకృతి గల మనిషి. కాబట్టి 'జెండర్ నీ ఉందా' అని అడగకండి. మీ డాక్టరు గారిని రెండు సంగతులు అడగండి: "మీరు వాడబోయే ఇంప్లాంటులో నాకు సరిపోయే చిన్న సైజు, అందులో సన్నని వెడల్పు ఉన్నాయా? అవి ఆపరేషన్ రోజున థియేటర్లో సిద్ధంగా ఉంటాయా?" రెండవ ప్రశ్న చాలామందికి తట్టదు. మన ఆసుపత్రులలో ఇంప్లాంట్ల పెట్టెలను సరఫరాదారు ఆపరేషన్ రోజున తెచ్చిపెట్టడం సాధారణం. అందరికీ వాడే మధ్య సైజులు ఎప్పుడూ వస్తాయి, మరీ చిన్న సైజును ముందే చెప్పి తెప్పించుకోవలసి రావచ్చు. ఎక్స్-రే మీద ముందుగా కొలత తీసి సైజును అంచనా వేసే పద్ధతి ఉన్నది కాబట్టి, మీరు అడిగితే ఏ మంచి శస్త్రవైద్యుడూ నొచ్చుకోడు.

ప్రశ్న: నేను బయోమెడికల్ ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం విద్యార్థినిని. ఇంప్లాంట్ల సైజులు ఎవరి ఎముకలను కొలిచి నిర్ణయించారు? భారతీయ మహిళల కొలతలు ఎవరైనా తీశారా? ఈ రంగంలో పనిచేయాలని ఉంది.
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం: అమ్మాయీ, నీ ప్రశ్న ఈ నెల వచ్చినవాటిలో నాకు అన్నిటికంటె సంతోషం కలిగించినది. ఆధునిక మోకీలు ఇంప్లాంటుకు మూలరూపమని చెప్పదగిన 'టోటల్ కాండిలార్' నమూనా 1974లో న్యూయార్క్ నగరంలోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో రూపుదిద్దుకొన్నది. దానిని రూపొందించిన వారిలో జాన్ ఇన్సాల్, ఇంజనీరు పీటర్ వాకర్‌లతోపాటు మన దేశంలో పుట్టి అక్కడ పనిచేసిన చిత్రంజన్ రణావత్ కూడా ఒకరు. ఆ రోజులలో సైజులే కొద్ది. రోగికి నడక తెప్పించడమే పెద్ద విజయంగా ఉన్న కాలమది, అంచు రెండు మిల్లీమీటర్లు దాటిందా లేదా అన్నది అప్పటి ఆందోళన కాదు. తరువాత సైజులు పెరిగినా, కొలతలు తీసిన ఎముకలు ప్రధానంగా ఐరోపా, అమెరికా వాసులవి.

భారతీయుల కొలతలు తీశారా అంటే, తీశారు. 2000లో వైద్య, రణావత్, అరూజిస్, లాడ్ అనే నలుగురు వైద్యులు సీటీ స్కానుల ద్వారా భారతీయుల మోకాళ్ళను కొలిచి ఒక పత్రం ప్రచురించారు. అందులోని ఒక ఫలితం నాకు ఎన్నటికీ మరపురాదు: వారు కొలిచిన మహిళలలో సగానికి పైగా మందికి తొడ ఎముక లోతు, అప్పుడు అందుబాటులో ఉన్న అన్నిటికంటె చిన్న సైజు కంటె కూడా తక్కువ. అంటే ఆ మహిళలకు సరైన ఇంప్లాంటు పెట్టెలోనే లేదు. మన దేశంలో మోకీలు మార్పిడి చేయించుకొనేవారిలో మహిళలే అధికులన్న సంగతి దీనికి జోడించి చూడు. ఎవరికి ఎక్కువ అవసరమో వారి కొలతే తయారీలో లేకుండా ఒక తరం గడిచిపోయింది. ఇది నన్ను ఇప్పటికీ బాధించే విషయం.

ఆ తరువాత పరిస్థితి మెరుగుపడింది. పెద్ద సంస్థలు చిన్న సైజులను చేర్చాయి. పుణెకు చెందిన డాక్టర్ కె.హెచ్. సంచేతి చొరవతో భారతీయుల శరీర కొలతలను దృష్టిలో ఉంచుకొని 'ఇండస్ నీ' అనే ఇంప్లాంటు రూపొందింది. ఇతర దేశీయ తయారీదారులు కూడా ముందుకు వచ్చారు.

నీవు ఈ రంగంలోకి రావాలనుకొంటే, మొదట తెలుసుకోవలసింది సైజుల మధ్య అంతరం గురించి. ఒక సైజుకూ తరువాతి సైజుకూ మధ్య తేడా ఎక్కువైతే రోగులు ఆ సందులో పడిపోతారు. తేడా మరీ తగ్గిస్తే సైజులు పెరిగి, తయారీ ఖర్చూ నిల్వ ఖర్చూ ఆసుపత్రి మీదా చివరికి రోగి మీదా పడతాయి. ఎముకల కొలతలు జనాభాలో ఎలా పరుచుకొని ఉన్నాయో తెలియకుండా ఈ రెండింటి మధ్య తూకం కుదరదు. అందువల్ల సీటీ స్కానులనుంచి వేలకొద్దీ ఎముకల త్రిమితీయ నమూనాలు తయారుచేసి, ఆకార భేదాలను గణాంక పద్ధతిలో విశ్లేషించడం నేటి రూపకల్పనలో మొదటి మెట్టు. ఆ వేల స్కానులలో దక్షిణ భారత గ్రామీణ మహిళల స్కానులు ఎన్ని ఉంటాయి అన్న ప్రశ్నను నీవు పనిచేయబోయే చోట తప్పక అడుగు.

రెండవది, మనవాళ్ళు కీలును వాడే తీరు. నేలమీద బాసింపట్టు వేసుకొని కూర్చోవడం, పీట మీద కూర్చొని కూరగాయలు తరగడం, గొంతుకు కూర్చొని కలుపు తీయడం, పాతకాలపు మరుగుదొడ్డి వాడడం, వీటన్నిటికీ మోకాలు 120 డిగ్రీలకు మించి వంగాలి. ఎముక ఆకారం సరిపోయినంత మాత్రాన ఇది రాదు. లోతుగా వంగినప్పుడు ప్లాస్టిక్ దిమ్మ వెనుక అంచు మీద పడే ఒత్తిడిని తట్టుకొనే రూపం కావాలి. 'హై ఫ్లెక్స్' అని పిలిచే నమూనాలు ఈ ఉద్దేశంతోనే వచ్చాయి, కాని ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంత వంగేదో ఆపరేషన్ తరువాత కూడా దాదాపు అంతే వంగుతుందన్నది అనుభవంలో తేలిన సంగతి. ఈ చిక్కుముడి పూర్తిగా విడలేదు, నీ తరం ఇంజనీర్లకు ఇక్కడ చేతినిండా పని ఉంది.

మూడవది, రిజిస్ట్రీ. స్వీడన్ 1975లోనే మోకీలు మార్పిడుల వివరాలను దేశమంతటా నమోదు చేయడం మొదలుపెట్టింది. ఇంగ్లండు, వేల్సులలో 2003లో మొదలైంది. ఏ ఇంప్లాంటు, ఏ సైజు, ఎవరికి వేశారు, ఎన్నాళ్ళకు విఫలమైంది అన్న వివరం ఆడవారికీ మగవారికీ వేరువేరుగా రాబట్టగలిగేది అలాంటి నమోదే. మన దేశంలో శస్త్రవైద్యుల సంఘం నడిపే రిజిస్ట్రీలో వివరాలు ఇవ్వడం స్వచ్ఛందం కాబట్టి చిత్రం సంపూర్ణం కాదు. రూపకల్పన ఎంత గొప్పదైనా అది ఎవరి శరీరంలో ఎలా ప్రవర్తించిందో లెక్క లేకపోతే ఏమి జరుగుతుందో ఈ కింది ఉత్తరం చెబుతుంది.

ప్రశ్న: మా అమ్మగారికి 2008లో మన దేశంలోనే తుంటి కీలు మార్పిడి జరిగింది. అది లోహం మీద లోహం రకమని అప్పటి కాగితాలలో ఉంది. ఆమెకు ఇప్పుడు 71 ఏళ్ళు, ఈ మధ్య గజ్జల దగ్గర నొప్పి అంటున్నారు. అలాంటి తుంటి ఇంప్లాంట్లు ఆడవారికి సరిపడలేదని ఇక్కడ నా స్నేహితురాలు చెప్పింది. మేము కంగారు పడాలా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: అమ్మా, కంగారు పడనక్కరలేదు, కాని ఆలస్యం చేయవద్దు. మీ అమ్మగారిని ఈ నెలలోనే తుంటి మార్పిడులలో అనుభవమున్న శస్త్రవైద్యునికి చూపించండి. ఎక్స్-రేతోపాటు రక్తంలో కోబాల్టు, క్రోమియం ఎంత ఉన్నాయో పరీక్ష చేయించండి. లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే మరింత జాగ్రత్తగా గమనించాలన్నది బ్రిటన్ నియంత్రణ సంస్థ పెట్టిన హద్దు. లోహం ఉన్నా చిత్రం స్పష్టంగా వచ్చే ప్రత్యేక పద్ధతిలో ఎం.ఆర్.ఐ. తీయించవలసి రావచ్చు. 2008 నాటి డిశ్చార్జి సమ్మరీ, అందులో అతికించిన ఇంప్లాంటు స్టిక్కరు భద్రంగా ఉంటే వెంట తీసుకువెళ్ళండి, వైద్యునికి అన్నిటికంటె ఎక్కువగా ఉపకరించేది ఆ స్టిక్కరే.

మీ స్నేహితురాలు చెప్పినదానికి ఆధారం ఉంది. లోహపు గిన్నెలో లోహపు బంతి తిరిగే ఈ రకంలో బంతి వ్యాసం ఎంత పెద్దదైతే అరుగుదల అంత తక్కువగా ఉంటుంది. మహిళలకు తుంటి బంతి సహజంగా చిన్నది కనుక చిన్న ఇంప్లాంటే వేయాలి. ఆ చిన్న సైజులలో గిన్నె కొద్దిగా నిటారుగా అమరినా బంతి ఒత్తిడంతా గిన్నె అంచు మీద పడి, సన్నని లోహపు రజను రాలి, చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీస్తుంది. డిప్యూ సంస్థ తన ఏ.ఎస్.ఆర్. తుంటి ఇంప్లాంట్లను 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. అప్పటికి సుమారు 93,000 మందికి వాటిని అమర్చారు, వారిలో మన దేశంలో శస్త్రచికిత్సలు జరిగినవి దాదాపు 4,700. అయిదేళ్ళలో వందకు పన్నెండు, పదమూడు విఫలమైనట్లు బ్రిటన్ రిజిస్ట్రీ లెక్కలే బయటపెట్టాయి. ఇదే కోవకు చెందిన బర్మింగ్‌హామ్ హిప్ రీసర్ఫేసింగ్ అనే ఇంప్లాంటు పురుషులలో బాగా పనిచేసింది. అయినా 2015లో దాని తయారీదారు చిన్న సైజులను ఉపసంహరించి, మహిళలకు వాడవద్దని ప్రకటించింది.

ఒక్క లోహం మీద లోహం రకానికే ఈ సమస్యను పరిమితం చేయలేము. అమెరికాలో 35,000 మందికి పైగా తుంటి మార్పిడి రోగులను గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, వయస్సు, బరువు, ఇంప్లాంటు రకం వంటివి లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడా మహిళలలో ఇంప్లాంటు విఫలమయ్యే ప్రమాదం పురుషులకంటె 29 శాతం ఎక్కువగా కనిపించింది. మొత్తం మీద విఫలమైనవి తక్కువే కాబట్టి తుంటి మార్పిడి చేయించుకోవడానికి ఎవరూ వెనుకాడనక్కరలేదు. అయితే మోకాలి విషయంలో రూపకల్పన తేడా ఫలితాలలో పెద్దగా కనబడకపోగా, తుంటి విషయంలో అది ప్రాణం తోడేసే నొప్పిగా కనబడింది. రెండింటినీ ఒకే గాటన కట్టరాదు.

ప్రశ్న: నాకు గిల్టు దిద్దులు పెట్టుకొంటే చెవులు పుండ్లు పడతాయి. వాచీ గొలుసు తగిలినా దురద. ఇలాంటి నాకు మోకాలిలో లోహం పెడితే ఏమవుతుంది?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

సమాధానం: మీకున్నది నికెల్ ఎలర్జీ కావచ్చు. ఇది పురుషులకంటె మహిళలలో చాలా ఎక్కువ. చిన్ననాడే చెవులు కుట్టించుకొని చౌకరకం నగలు ధరించడం అందుకు ఒక ముఖ్య కారణం. మోకీలు ఇంప్లాంట్లలో వాడే కోబాల్ట్-క్రోమియం మిశ్రమ లోహంలో నికెల్ ఒక శాతం లోపే ఉంటుంది. చర్మానికి ఎలర్జీ ఉన్నవారందరికీ లోపలి కీలు ప్రతిస్పందిస్తుందని నిరూపణ కాలేదు, చర్మపరీక్ష ఆధారంగా ఇంప్లాంటు విఫలమవుతుందని ముందే చెప్పడమూ కుదరదు. అయినా ఈ సంగతిని ఆపరేషన్‌కు ముందు మీ వైద్యునికి తప్పక చెప్పండి. నికెల్ దాదాపు లేని ఆక్సిడైజ్డ్ జిర్కోనియం తొడుగులు, టైటానియం సమ్మేళనపు పూతగల తొడుగులు దొరుకుతాయి, మీ విషయంలో వాటిని వాడాలని ఆయన నిర్ణయించవచ్చు.

ప్రశ్న: ఆడవారికి సరిపోయే సన్నని సైజు కావాలంటే అదనంగా చెల్లించాలని ఒకచోట చెప్పారు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నిర్ణాయక సంస్థ మోకీలు ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. అప్పటివరకు లక్షన్నర రూపాయల పైచిలుకు ఉన్న కోబాల్ట్-క్రోమియం ఇంప్లాంటు ధరను రూ. 54,720కి, టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం ఇంప్లాంట్ల ధరను రూ. 76,600కి, హై ఫ్లెక్స్ రకం ధరను రూ. 56,490కి పరిమితం చేసింది. జి.ఎస్.టి. అదనం. ఈ విభజన లోహాన్నీ రకాన్నీ బట్టి జరిగినదే గాని ఆడ, మగ సైజులను బట్టి కాదు. సైజు మారినంత మాత్రాన ధర మారడానికి ఆ ఉత్తర్వులో చోటు లేదు. ప్రస్తుత పరిమితి ఎంతో అడిగి తెలుసుకొని, బిల్లులో ఇంప్లాంటు ధరను విడిగా చూపించమనండి.

ప్రశ్న: మా అమ్మ వయస్సు 66. పొలం పనులు చేసిన మనిషి, ఇప్పుడు గోడ పట్టుకొని నడుస్తున్నది. రాత్రిళ్ళు నొప్పికి నిద్ర లేదు. ఇద్దరు డాక్టర్లు మాత్రలు రాసి, ఇంకొన్నాళ్ళు చూద్దామన్నారు. ఇంట్లోవాళ్ళు వయసు నొప్పులేలే అంటున్నారు. మాకు తెలిసిన ఒక పెద్దాయనకు ఇంతకంటె తక్కువ బాధకే ఆపరేషన్ చేశారు. ఎందుకీ తేడా?
– ఒక ఉపాధ్యాయిని, కరీంనగర్ జిల్లా

సమాధానం: అమ్మా, మీరు గమనించిన తేడాను కెనడాలో వైద్య పరిశోధకులు పరీక్ష పెట్టి మరీ నిరూపించారు. మోకాలి అరుగుదల ఒకే స్థాయిలో ఉన్న ఒక పురుషునికీ ఒక మహిళకూ బాధను ఒకే మాటలలో చెప్పేలా శిక్షణ ఇచ్చి, ఒంటారియో రాష్ట్రంలో 71 మంది వైద్యుల వద్దకు పంపించారు. పురుషునికి మోకీలు మార్పిడిని సిఫారసు చేసినవారు 67 శాతం, మహిళకు చేసినవారు 33 శాతం. ఆ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. అంతకు ముందు, 2000లో, అదే రాష్ట్రంలో జరిగిన మరొక అధ్యయనంలో శస్త్రచికిత్స అవసరమై ఉండి అందనివారు పురుషులకంటె మహిళలలో మూడు రెట్లకు పైగా ఉన్నారని తేలింది. వైద్యం ఉచితంగా అందే దేశంలో జరిగిన సంగతి ఇది. ఖర్చుకు వెనుకాడే మన ఇళ్ళలో, నొప్పిని నోరు తెరచి చెప్పని మన తల్లుల విషయంలో పరిస్థితి ఇంతకంటె మెరుగ్గా ఉంటుందని నేననుకోను.

ఆలస్యం వలన నష్టం నిజమైనది. ఏళ్ళ తరబడి వంగిన కాలితో నడిస్తే కాలు దొడ్డికాలుగా వంకర తిరుగుతుంది, కింది ఎముక లోపలి పక్క అరిగి గుంట పడుతుంది, తొడ కండరాలు చిక్కిపోతాయి. అప్పుడు ఆపరేషన్ క్లిష్టమవుతుంది, తిరిగి వచ్చే నడక కూడా తక్కువే. ఎంత చక్కగా అమరే ఇంప్లాంటు రూపొందించినా అది వేయవలసిన వేళ దాటిపోయిన మోకాలికి చేయగలిగింది పరిమితం. రూపకల్పన గురించి ఇన్ని పుటలు రాసినా, మన మహిళలకు ఈ ఆలస్యం వల్ల జరుగుతున్న నష్టం సైజు సరిపోకపోవడం వల్ల జరిగేదానికంటె ఎక్కువని నా అభిప్రాయం.

అయితే నొప్పి ఉన్న ప్రతివారికీ ఆపరేషన్ అవసరమని దీని అర్థం కాదు. మీ అమ్మగారికి తొడ కండరాలను బలపరిచే వ్యాయామాలు, బరువు ఎక్కువగా ఉంటే తగ్గించుకోవడం, చేతికర్ర వాడడం, వీటిని ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో మూడు నెలలు చేయించారా? చేయించినా రాత్రి నొప్పి తగ్గక, నిలబడి తీసిన ఎక్స్-రేలో ఎముకకు ఎముక తగులుతున్నట్లు కనబడితే శస్త్రచికిత్సకు తగిన వేళ వచ్చినట్లే. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు "నొప్పిగా ఉంది" అని మాత్రమే అనకుండా, ఎంత దూరం నడవగలుగుతున్నారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తున్నది, మెట్లు ఎలా ఎక్కుతున్నారు, స్నానాల గదికి ఎవరి సాయం కావలసి వస్తున్నది అన్నవి ఒక కాగితం మీద రాసుకొని చూపించండి. ఆపరేషన్ ఎందుకు వద్దంటున్నారో కారణం అడగండి. గుండె జబ్బు, అదుపులో లేని మధుమేహం వంటి కారణం ఉంటే దానిని సరిచేసుకొని మళ్ళీ వెళ్ళవచ్చు. వయస్సు తప్ప వేరే కారణం చెప్పకపోతే మరొక శస్త్రవైద్యుని అభిప్రాయం తీసుకోండి. అరవై ఆరేళ్ళు మోకీలు మార్పిడికి ఎక్కువ వయస్సు కాదు.